యాస పట్టించింది

*హంతకుడు ఎవరో చివరి పేజీలో తేలితే చాలు. అతను ఏ ఊరివాడో మాత్రం నోరు విప్పగానే తెలియాలి. పరిశోధక కథకు ఊరూ యాసా పైపూతలు కావు, సాక్షులు. ఆ సాక్షులను ప్రపంచం ఎలా విన్నదో, మనం ఎందుకు వినలేదో చెప్పే కథ ఇది.*

రాయలవారి కొలువుకు ఒక పండితుడు వచ్చాడట. ఎవరు ఏ భాషలో పలకరిస్తే ఆ భాషలో, ఆ గడ్డ మీద పుట్టినవాడిలా జవాబిచ్చాడు. ‘నా మాతృభాష ఏదో చెప్పండి చూద్దాం’ అని సభకు సవాలు విసిరాడు. దిగ్గజాలంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెనాలి రామకృష్ణుడు మాత్రం ఆ రాత్రి పండితుడు ఆదమరిచి నిద్రపోయేదాకా కాచుకుని, చెంబుడు చన్నీళ్లు మీద కుమ్మరించాడు. ఉలిక్కిపడి లేచినవాడి నోట తిట్టు ఏ భాషలో వచ్చిందో అదే అతని మాతృభాష. చెప్పేవారిని బట్టి నీళ్లు సూది అవుతాయి, పండితుడి భాషా మారిపోతుంది. కిటుకు మాత్రం మారదు.

డిటెక్టివ్ కథ ఇంగ్లీషు సరుకని అనుకుంటాం గానీ, అమ్మమ్మలు ఎప్పుడో మనకు ఒకటి చెప్పేశారు. అందులో రహస్యం దాచినవాడున్నాడు, దాన్ని కూపీ లాగినవాడున్నాడు, పట్టించిన ఆధారమూ ఉంది. ఆ ఆధారం పేరు నాలుక. కొత్తవాళ్ల ముందు ఎంత సర్దుకున్నా, దెబ్బ తగిలినప్పుడు, డబ్బు లెక్కపెట్టేటప్పుడు, పసిపిల్లను బుజ్జగించేటప్పుడు అది పుట్టిన ఊరికి పరుగెత్తుతుంది.

టేపులో వినిపించిన ఏటి ఒడ్డు

ఈ కిటుకు కథల్లోనే కాదు, ఒక అసలు కేసులోనూ పనిచేసింది. పనిచేసిన తీరే భయంకరం.

1979 జూన్‌లో ఇంగ్లండ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్ పోలీసులకు ఒక ఆడియో టేపు వచ్చింది. అప్పటికే కొన్నేళ్లుగా అక్కడ వరసగా స్త్రీల హత్యలు జరుగుతున్నాయి. హంతకుడికి పత్రికలు ‘యార్క్‌షైర్ రిప్పర్’ అని పేరు పెట్టాయి. టేపులో గొంతు తన పేరు జాక్ అని చెప్పుకుంది, పోలీసులను ఎగతాళి చేసింది. మాట మాత్రం యార్క్‌షైర్ మాట కాదు. ఈశాన్య తీరపు యాస.

పోలీసులు లీడ్స్ విశ్వవిద్యాలయంలోని స్టాన్లీ ఎల్లిస్ దగ్గరికి వెళ్లారు. ఆయన కుర్చీలో కూర్చుని భాష చదివిన మనిషి కాదు. ఇంగ్లండ్‌లో 313 చోట్ల, 1300కు పైగా ప్రశ్నలతో జరిగిన మాండలికాల సర్వేలో పల్లె పల్లె తిరిగి రైతుల మాటలు రాసుకున్నవాడు. టేపు విన్నాడు, దాన్ని పట్టుకుని సండర్లాండ్ వెళ్లాడు, అక్కడి పబ్బుల్లో వినిపించి చూశాడు. వియర్ నది ఒడ్డున సౌత్‌విక్, కాసిల్‌టౌన్ అనే రెండు పేటల దాకా గొంతును తరుముకుంటూ వెళ్లాడు. జిల్లా కాదు, పట్నం కాదు, పేట!

అంత గొప్ప చెవి చెప్పింది అక్షరాలా నిజం. పోలీసులు అర్థం చేసుకున్నదే తప్పు. యాస ఆ ఊరిది గనక హంతకుడూ ఆ ఊరివాడే అనుకున్నారు. ఆ టేపు దొంగ టేపు కావచ్చని ఎల్లిస్, ఆయన సహచరుడు హెచ్చరించినా వినలేదు. ఆ యాస లేనివాళ్లను అనుమానితుల జాబితా నుంచి కొట్టేస్తూ పోయారు. అసలు హంతకుడు పీటర్ సట్‌క్లిఫ్ అచ్చమైన యార్క్‌షైర్‌వాడు, బ్రాడ్‌ఫర్డ్‌లో లారీ డ్రైవరు. పోలీసులు అతన్ని తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. టేపు వచ్చాక మరో ముగ్గురు స్త్రీలు బలయ్యారు. 1981 జనవరిలో గానీ అతను పట్టుబడలేదు.

టేపు పంపిన ఆకతాయి 2005లో, పాత కవరుకు అంటిన ఉమ్మిలోని డీఎన్ఏ వల్ల దొరికాడు. ఎల్లిస్ వేలు పెట్టి చూపిన ఆ దరిదాపుల్లోనే అతను పెరిగాడు. 26 ఏళ్ల తర్వాత చెవి గెలిచింది. కానీ ఆ ముగ్గురూ తిరిగి రాలేదు.

యాస ఊరు చెబుతుంది, నేరం చెప్పదు. పరిశోధక కథ రాసే ప్రతి ఒక్కరూ రాతబల్ల మీద అంటించుకోవలసిన మాట ఇది.

ఊరే తాళం, ఊరే తాళంచెవి

ఆర్థర్ కానన్ డాయిల్‌కు ఈ సంగతి తెలుసు. 1891లో రాసిన ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’లో హోమ్స్ చేతికి పేరులేని ఉత్తరం ఒకటి వస్తుంది. అందులో ఒక వాక్యంలో క్రియ చివరికి జరిగి ఉంటుంది. రాసినవాడు జర్మన్ అని హోమ్స్ అక్కడికక్కడే తేల్చేస్తాడు. తెలుగువాడికి ఆ వాక్యం కనిపిస్తే అనుమానమే రాదు, మన క్రియ ఎప్పుడూ చివరే కదా! ‘త్రీ గారిడెబ్స్’ అనే మరో కథలో పత్రికా ప్రకటనలో నాగలి అన్న మాటకు అమెరికన్ అక్షరక్రమం కనిపించడంతో ఇంగ్లీషువాడిచ్చిన ప్రకటన కాదని తేలిపోతుంది. ఆధారాలు ఎంత చిన్నవో చూడండి. ఎవరూ దాచాలని కూడా అనుకోనంత చిన్నవి.

మాట ఇలా పట్టిస్తే, నేల దాచిపెడుతుంది. ‘హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ను డార్ట్‌మూర్ నుంచి లేపి లండన్ వీధిలో పెట్టండి, కథ అక్కడే చచ్చిపోతుంది. పొట్టి గుర్రాలను మింగే ఊబి ఉండాలి, దానిలో దారి తెలిసినవాడు ఒక్కడే ఉండాలి. కుక్కను ఎక్కడ దాచారన్న ప్రశ్నకు జవాబు ఆ బురదలోనే ఉంది. డొరొతీ సేయర్స్ 1934లో రాసిన ‘ది నైన్ టైలర్స్’ తూర్పు ఇంగ్లండ్ పల్లపు భూముల్లో జరుగుతుంది. అక్కడి చర్చి గంటల్ని లెక్క ప్రకారం గంటల తరబడి మోగించే ఆచారం తెలియకపోతే హత్య ఎలా జరిగిందో అంతుపట్టదు. ఇంకా విప్పితే చదవబోయేవారి సరదా చెడగొట్టినట్టే.

ఇలాంటి చోటు మనకు లేదా? గోదావరి లంకలో ఆఖరి పంటు వెళ్లిపోయాక ఊరంతా తాళం వేసిన గదే. ఆ రాత్రి హత్య జరిగితే హంతకుడు లంకలోనే ఉన్నాడు, లేదా ఏటికి ఎదురీదగలవాడు. సింగరేణిలో గనిలోకి దిగే ప్రతి మనిషికీ దీపం ఇచ్చి లెక్క రాసుకునే లాంప్ రూమ్ ఉంటుంది. ‘నేను రెండో షిఫ్టులో ఉన్న’ అన్నవాడి మాట నిజమో కాదో మస్టరు చెబుతుంది. అతని పేరు మీద మరొకడు దిగాడేమో మాత్రం గనిలో పక్కన పనిచేసినవాడే చెప్పాలి. ఇక గుంటూరు మిర్చి యార్డు. అక్కడ కన్నీళ్లు పెట్టుకున్న మనిషిని ఎవరూ అనుమానించరు!

విగాటా అనే లేని ఊరు

ఊరినీ మాటనూ ఒకే గూటికి చేర్చి చూపినవాడు ఆంద్రేయా కమిల్లేరి. 1925లో సిసిలీ ద్వీపంలోని పోర్టో ఎంపెడోక్లే అనే రేవు పట్నంలో పుట్టాడు. నాటకాలు, టీవీ కార్యక్రమాలు తీస్తూ రోమ్‌లో గడిపాడు. ఇన్‌స్పెక్టర్ మొంతల్బానో తొలి నవల 1994లో వచ్చేనాటికి ఆయనకు డెబ్బై దగ్గరపడింది. 2019లో కన్నుమూసేలోగా ఆ పాత్ర ఇటలీలో ఇంటింటి చుట్టమైంది.

ఆయన భాష పుట్టిన కథ ఆయనే చెప్పుకున్నాడు. తండ్రి చావుబతుకుల మధ్య ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. కొడుకు తాను రాద్దామనుకుంటున్న కథను ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో వినిపించాడు. కాగితం మీద పెట్టబోతే అది కుదరడం లేదన్నాడు. ఇప్పుడు నాకు ఎలా చెప్పావో అలాగే రాయమన్నాడు తండ్రి. అలాగే రాశాడు. ఇటాలియన్ వాక్యంలో సిసిలీ మాటలు, ఉప్పుచేపల బుట్టలో చెయ్యి పెట్టినంత ధైర్యంగా. ‘చూడటా’నికి ఇటాలియన్‌లో ‘గ్వర్దారె’ ఉండగా, ఆయన పాత్రలు ‘తలియారె’ అంటాయి. మిలాన్ పాఠకుడికి మొదటి ఇరవై పేజీలు తడబాటే. ఆపైన అతను కూడా సిసిలీ కళ్లతో చూడటం మొదలుపెడతాడు.

గమనించవలసింది మరొకటుంది. మొంతల్బానో అందరితో ఒకేలా మాట్లాడడు. పై అధికారి ముందు ఇస్త్రీ మడత నలగని ఇటాలియన్. కింది ఉద్యోగులతో కలగలుపు. వంట మనిషి అదెలీనా వంటి వాళ్లతో ఇంటి మాట. స్నేహితురాలు లీవియా ఉత్తరాది జెనోవా పిల్ల. కోపం వచ్చి అతను సిసిలీ మాటల్లోకి దిగితే ఆమె ఒప్పుకోదు. ఇక ఫోన్ల దగ్గర కూర్చునే కతరెల్లా ఉన్నాడు, ఆఫీసు ఇటాలియన్‌నూ ఇంటి మాటనూ కలిపి చిత్రాన్నం చేసేవాడు. అతను చెప్పే పేర్లు ఒక్కటీ సరిగ్గా ఉండవు. ఎవరితో ఏ మాట మాట్లాడాలో తెలియడమే ఆ ఇన్‌స్పెక్టర్ చేతిలోని భూతద్దం. సాక్షి ఇంటి మాటలోకి జారితే గుండె విప్పాడన్నమాట, ఆఫీసు మాటలోకి బిగుసుకుంటే ఏదో దాస్తున్నాడన్నమాట.

మొంతల్బానో పనిచేసే విగాటా పటంలో లేదు, అది కమిల్లేరి పుట్టిన ఊరి నీడ. 2003లో ఆ ఊరే తన పేరు పక్కన ‘విగాటా’ను తగిలించుకుంది. కొన్నేళ్లకు తీసేసింది, అది వేరే సంగతి. కల్పన తన గడపలోకి వచ్చి కూర్చుంటానంటే ఒక ఊరు పీట వేసింది.

చివరి నవల ‘రిక్కార్దీనో’ కథ మరీ ముచ్చటైనది. 2005లో రాసి, తన తర్వాతే వేయమని ప్రచురణకర్తకు అప్పగించాడు. పదేళ్లు దాటాక 2016లో మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కథ జోలికి పోలేదు, భాష మాత్రం సరిదిద్దాడు. ఈలోగా తన పాత్రల మాట ఇంకా చిక్కబడింది మరి. 2020లో రెండు రూపాలనూ కలిపి ఒకే పుస్తకంగా కూడా వేశారు. హంతకుడు మారలేదు, ఆధారాలు మారలేదు. తొంభై ఏళ్ల రచయిత మాట కోసమే మళ్లీ కూర్చున్నాడు.

యుగంధర్ ఏ వీధిలో ఉంటాడు?

బెంగాలీల బ్యోంకేశ్ బక్షీ కలకత్తా హారిసన్ రోడ్డులో ఉంటాడు. సత్యజిత్ రాయ్ ఫెలూదా రజనీసేన్ రోడ్డులో ఉంటాడు. హోమ్స్‌కు బేకర్ స్ట్రీట్ సరేసరి. మరి మన యుగంధర్ ఉండే వీధి మనలో ఎంతమందికి గుర్తుంది?

కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఒక తరానికి వేసవి సెలవులు. అద్దె పుస్తకాల షాపులో అట్టలు చిరిగిన ఆ నవలల కోసం వరస కట్టినవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. ఆ తర్వాత మధుబాబు ‘షాడో’ దేశాలు తిప్పాడు. ఆ పుస్తకాలు తెలుగువాడికి చదివే అలవాటు నేర్పాయి. ఆ రుణం కాదనకూడదు. అయితే ఆ పేజీల్లో ఊరు చాలా అరుదుగా వాసన కొడుతుంది. కారు, పిస్తోలు, హోటల్ గది, చీకట్లో నీడ. సేఠ్ నుంచి నౌకరు దాకా అందరూ దాదాపు ఒకే తెలుగు మాట్లాడతారు.

కారణం వెతికితే దొరుకుతుంది. తెలుగులో తొలినాటి అపరాధ పరిశోధక నవలలు చాలా వరకు పాంచ్‌కడీ దే వంటి బెంగాలీ రచయితల నుంచి, ఆ తర్వాత ఇంగ్లీషు నుంచి దిగినవి. పుట్టుకతోనే పరాయి ఊరివి. పైగా అవి వేగంగా రాసి, వేగంగా అచ్చేసి, ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా రైల్వే బుక్‌స్టాళ్లలో అమ్మవలసిన సరుకు. అందరికీ అర్థమయ్యే పత్రికల తెలుగే వాటికి రైలు టికెట్టు. ప్రయాణం సుఖంగా సాగింది, సామాను ఇంట్లోనే ఉండిపోయింది.

అలాగని తెలుగులో నేరమూ యాసా కలవలేదా? కలిశాయి, డిటెక్టివ్ బోర్డు లేని ఇంట్లో. గురజాడ 1909లో తిరగరాసిన ‘కన్యాశుల్కం’ను మరోసారి తిరగేయండి. పెళ్లికూతురు మాయమవుతుంది, ముసలి లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడుతుంది. శవం దొరకదు, ఎందుకంటే చచ్చినవాళ్లు లేరు. అసలు పెళ్లికూతురే లేదు, అది ఆడవేషం కట్టిన కుర్రాడు! హెడ్డుకనిస్టీబు, దొంగ సాక్షులు, వకీళ్లు అందరూ ఉన్నారు. చిక్కుముడి విప్పే తెలివి మధురవాణిది. ఎవరు మాట్లాడినా పేరు చదవకుండానే మనిషిని పోల్చుకోవచ్చు. అంతకన్నా మంచి క్రైమ్ కథ ఏది?

రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖలో వకీలు. ‘ఆరు సారా కథలు’లో మద్య నిషేధం నాటి దొంగసారా, మామూళ్లు, పెట్టుడు సాక్షులు ఉత్తరాంధ్ర నోటితోనే మాట్లాడతాయి. అక్కడ ప్రశ్న నేరం ఎవరు చేశారన్నది కాదు, ఎవరి మీద మోపారన్నది. ఆ తేడాను ఆయన బోనులో నిలబడ్డవాళ్ల యాసలోనే వినిపించాడు. మన దగ్గర సరుకు లేక కాదు, డిటెక్టివ్ నవల అటువైపు నడవక.

సినిమా ఆ దారిలో ఒకడుగు వేసింది. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నెల్లూరులో చిన్న ఆఫీసు తెరుచుకున్న డిటెక్టివ్ కథ. పట్టాల పక్కన దొరికే అనాథ శవాల వెనకున్న గుట్టు మన నమ్మకాల్లోంచే పుట్టింది. అందుకే అది ఏ విదేశీ కథకూ అంటు కట్టినట్టు అనిపించదు.

స్టేషన్ తెలుగు

మన కథల్లోకి యాస రాకపోవడానికి మరో గోడ పోలీసు స్టేషన్‌లోనే ఉంది. జగిత్యాల వైపు ఒక పల్లె ఊహించుకోండి. చూసింది ఒక ముసలమ్మ. ఆమె చెప్పింది ఇది: ‘పొద్దుమూకినంక, బర్లు ఇంటికొచ్చినంక, గా పిలగాడు దర్వాజ కాడ నిలవడ్డడు.’ కాగితం మీదికి వచ్చేసరికి ఇలా అవుతుంది: ‘సాయంత్రం సుమారు 6 గంటల సమయమున సదరు వ్యక్తి ఇంటి ముందు నిలబడి ఉండగా చూసితిని.’

ఈ కాగితాన్ని మునుపు, పాత చట్టంలోని సెక్షన్ పేరిట, నూటఅరవైఒకటి స్టేట్‌మెంట్ అనేవారు. 2024 జులై నుంచి కొత్త చట్టంలో అది 180వ సెక్షన్. అంకె మారినా ఆ ‘సదరు’ తెలుగు మారినట్టు లేదు. ఈ అనువాదంలో ఏమేం పోయాయో చూడండి. పొద్దుమూకడం ఎండాకాలంలో ఒక వేళ, చలికాలంలో మరో వేళ. బర్లు ఇంటికి రావడం ఊరందరికీ తెలిసిన గడియారం. ‘గా పిలగాడు’ అనడంలో ఆ కుర్రాడు ఆమెకు ఎరికే అన్న ధ్వని ఉంది. మూడు ఆధారాలు ఒక్క వాక్యంలో చచ్చిపోయాయి. మరణ వాంగ్మూలాన్ని వీలైనంతవరకు చెప్పినవారి సొంత మాటల్లోనే రాయాలని న్యాయస్థానాలు ఊరికే చెప్పలేదు.

ఆ వాంగ్మూలంలో ఒక్క మాట అర్థం కాకపోతే ఏమవుతుంది? విజయనగరం పక్క పల్లెలో కొనఊపిరితో ఉన్న కుర్రాడు ‘అప్ప... అప్ప’ అని కళ్లు మూశాడనుకుందాం. దర్యాప్తు చేసే అధికారిది మదనపల్లె వైపు. ‘రాప్పా’, ‘చెప్పప్పా’ అంటూ మగవాళ్లను పలకరించే చెవి ఆయనది. వారం రోజులు మగవాళ్ల చుట్టూనే తిరుగుతాడు. ఎనిమిదో రోజు టీ కొట్టు దగ్గర ఒక పిల్ల ‘అప్పా, అమ్మ పిలుస్తంది’ అని తన అక్కను కేకేస్తుంది. చేతిలో గ్లాసు అలాగే ఆగిపోతుంది. ఒక్క మాట మీద నవల నిలబడుతుంది. ఆ మాట కోసం విదేశాలకు పోనక్కర్లేదు, మూడొందల పేజీలు రక్తం పారించనక్కర్లేదు.

*— నోరు చెప్పే చిరునామా —*

*రాక: వచ్చాడు అంటే కృష్ణా, గుంటూరు. వచ్చేడు అంటే ఇంకా తూర్పుకు. వచ్చినాడు అంటే సీమ. వచ్చిండు అంటే తెలంగాణ.*

*కూర: గోదావరి, విశాఖ వైపు ఆనపకాయ. గుంటూరు, సీమల్లో సొరకాయ. తెలంగాణలో ఆనిగెపుకాయ మాట కూడా వినిపిస్తుంది.*

*చిరుతిండి: హైదరాబాదులో పల్లీలు, కోస్తాలో వేరుశనగ, సీమలో శెనక్కాయలు, కర్నూలు వైపు బుడ్డలు.*

*కన్నవాడు: నాన్న, నాయన, అయ్య, బాపు. ఫోన్‌లో బెదిరించినవాడు ‘మీ బాపుకు చెప్పు’ అన్నాడంటే ఎటు వెతకాలో తెలిసినట్టే.*

*జాగ్రత్త: యాసలకు సరిహద్దు రాళ్లుండవు. పెళ్లిళ్లు, వలసలు, హాస్టళ్లు, బదిలీలు అన్నిటినీ కలిపేస్తాయి. ఒక్క మాట పట్టుకుని మనిషిని పట్టుకోకూడదు.*

విలన్‌కే యాస ఎందుకు?

మనకూ ఒక స్టాన్లీ ఎల్లిస్ ఉండేవారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల దగ్గరికి, సాలెల దగ్గరికి మనుషులను పంపి, పనిముట్టు పనిముట్టుకూ ఊరూరి పేరు రాయించారు. మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. నాగలిలో ఏ భాగాన్ని ఎక్కడ ఏమంటారో అందులో దొరుకుతుంది. పరిశోధక కథ రాసేవాడికి అంతకు మించిన వేలిముద్రల బ్యూరో లేదు.

ఇంత సంపద ఉన్నా తెర మీద మనం చేసింది వేరు. హీరోకు పత్రికల తెలుగు, రౌడీకి తెలంగాణ, కత్తి పట్టినవాడికి సీమ, నవ్వించే పనివాడికి శ్రీకాకుళం. పాత్ర నోరు తెరవగానే ప్రేక్షకుడు తీర్పు రాసేస్తాడు. యార్క్‌షైర్ పోలీసులు చేసిన తప్పునే మనం టికెట్టు కొని, చప్పట్లు కొడుతూ చేశాం. యాస ఊరు చెప్పిందంతే, నేరం మనం కలుపుకున్నాం.

ఇది నీతి సమస్యే కాదు, పనితనం సమస్య కూడా. యాసతో దొంగ ఎవరో ముందే తెలిసిపోయే కథలో ఇక వెతకడానికి ఏముంది? అదే జడ్జీ, డాక్టరు, ఇన్‌స్పెక్టరు, దొంగ అందరూ పాలమూరు మాటే మాట్లాడే నవల రాస్తే, అప్పుడు యాస ఎవరినీ పట్టివ్వదు. వాళ్లలో ఎవరు పక్క తాలూకా మాట దాస్తున్నారన్నది అప్పుడు అసలు ప్రశ్న అవుతుంది.

రాసేటప్పుడు అక్షరాలను వంకర తిప్పి, ప్రతి మాటకూ దీర్ఘాలు తగిలిస్తే యాస రాదు, వెక్కిరింత వస్తుంది. యాస ఉండేది వాక్యం నడకలో, పిలుపులో, తిట్టులో, వేళను కొలిచే తీరులో. నాలుగు సరైన మాటలు నలభై వంకర అక్షరాల పెట్టు.

ఆ నాలుగు మాటలు దొరకాలంటే మళ్లీ ఆ ముసలమ్మ గడప దగ్గరికే వెళ్లాలి. ‘సాయంత్రం సుమారు’ అని రాయబోయిన కానిస్టేబుల్ పెన్ను ఆపాలి. తానూ ఆ పక్క ఊరివాడేనని గుర్తు తెచ్చుకుని, స్టేషన్ తెలుగు పక్కనపెట్టి అడగాలి.

‘అవ్వా, ఎప్పుడన్నవ్?’

‘పొద్దుమూకినంక బిడ్డా. మా బర్లు ఇంటికొచ్చినయ్. గాళ్ల బర్లే ఇంక రాలే. గా పిలగాడే గద రోజు తోలుకొచ్చేది.’